మావయ్య పాటల పెట్టె: టచ్ పోయి మీట వచ్చిన డైరీ

జూలై 6, ఆదివారం

నర్సాపురంలో మాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. రోజంతా చేసే పనిలో సగం, టచ్ పోయిన ఫోన్లకి కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ అద్దం కలిసిన ముక్క, మార్చడమే. అందుకే మావయ్య తన ఫోను కౌంటరు మీద పడేసి "ఇది నా మాట వినట్లేదురా" అనగానే డిస్‌ప్లే పోయిందనుకున్నాను. గుడ్డతో తుడిచి నొక్కి చూస్తే నిక్షేపంగా ఉంది. మళ్లీ ఆయన చేతికిచ్చా. పాట మార్చబోతే వాల్యూమ్ పెరిగింది, వాల్యూమ్ తగ్గించబోతే ఎవరికో కాల్ వెళ్లింది.

మావయ్య గోదావరి అవతలి ఒడ్డున, అంతర్వేది వైపు, వనామి రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. మేత చల్లడం, మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడడం, మళ్లీ దించడం. ఆ చేతులు ఆరేదెప్పుడు? ఆరినా వేళ్ల కొసలు కాయలు కాసి అట్టల్లా ఉంటాయి. ఫోన్ అద్దానికి తడి చెయ్యీ పడదు, మొద్దు చెయ్యీ పడదు. ఆయనకి రెండూ ఉన్నాయి.

"ఇయర్‌ఫోన్ పెట్టుకో మావయ్యా, దాని మీదే బటన్ ఉంటుంది" అన్నాను.

"చెవులు మూసుకుంటే ఏరియేటరు ఆగిందని ఎలా తెలుస్తుందిరా? కరెంటు పోయి, జనరేటరు వెయ్యడం ఆలస్యమైతే నీళ్లలో ఆక్సిజను, అదే డీఓ, పడిపోద్ది. తెల్లారేసరికి సరుకంతా గట్టుకి చేరిపోద్ది."

అంటే ఆయన పాటలు వింటున్నంతసేపూ ఏరియేటర్ల, అంటే చెరువు నీళ్లకి గాలి పట్టించే యంత్రాల, మోత కూడా వింటూనే ఉంటాడు. ఆ మోతలో తేడా అనిపిస్తే పాట అప్పటికప్పుడు ఆగాలి. ఇది నాకెప్పుడూ తట్టని సంగతి. పాటలపెట్టె ఒకటి నేనే చేసిస్తానని మాటిచ్చేశాను. జూలై మొదట్లో సీడు (రొయ్యపిల్లలు) వేశారు, రొయ్య పట్టుబడికి మూడు నెలలకి తక్కువ ఉండదు. ఆ లోపల అవ్వాలి.

జూలై 13

కొట్లో ఉన్న సామాను: ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రామ్ రాసుకోగల చిప్పు ఉన్నది) ఒకటి, డీఎఫ్‌ప్లేయర్ మినీ ఒకటి, పాత 18650 లిథియం సెల్లు, టీపీ4056 ఛార్జింగ్ ముక్క, మూడు వాట్ల స్పీకరు. డీఎఫ్‌ప్లేయర్ తెలియనివాళ్లకి: తపాలా బిళ్లంత బోర్డు, దానిలోనే మైక్రో ఎస్‌డీ కార్డు దూరుతుంది, దాని మీదే మూడు వాట్ల యాంప్లిఫయరు ఉంటుంది. 32 జీబీ కార్డు వరకూ తీసుకుంటుంది. సీరియల్‌లో 9600 వేగంతో "ఈ ఫోల్డర్లో ఈ పాట" అని చెబితే పాడేస్తుంది.

డబ్బా కోసం ఎలక్ట్రికల్ షాపులో రబ్బరు గ్యాస్కెట్ ఉన్న జంక్షన్ బాక్సు కొన్నా.

ఇంత చెప్పి, మొదట చేసింది టచ్ పెట్టెనే! నవ్వకండి. నా లెక్క నాకుంది. బటన్ పెట్టాలంటే డబ్బాకి బెజ్జం పెట్టాలి, ఆ బెజ్జంలోంచి ఉప్పుగాలి లోపలికి పోతుంది. టచ్ అయితే మూత లోపలివైపు రాగి టేపు అంటించేస్తే చాలు, ప్లాస్టిక్ అవతల నుంచి వేలు పసిగడుతుంది. ఈఎస్‌పీ32లో టచ్ పిన్నులు పది ఉన్నాయి, వేరే చిప్పు అక్కర్లేదు. కాస్త బలంగా తగిలేలా హద్దు పెట్టుకుంటే మావయ్య చేతికి సరిపోతుందని ధీమా.

మూడు టేపు ముక్కలు అంటించి చిప్పు ఇచ్చే అంకెలు చూశా. వేలు లేనప్పుడు 71 దగ్గర ఆడుతోంది, మూత మీద వేలు పెడితే 58కి దిగుతోంది. వేలు తగిలితే కెపాసిటెన్స్ (ఛార్జిని పట్టి ఉంచే గుణం) పెరుగుతుంది, పెరిగితే ఆ పిన్ను ఛార్జయ్యి దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంచేత లెక్క తగ్గుతుంది. 63 దగ్గర హద్దు పెట్టా. పొడి చేత్తో బ్రహ్మాండం. మా అమ్మాయి వచ్చి పది నిమిషాలు పాటలు మార్చి మార్చి ఆడుకుంది.

జూలై 20

పంటు (రేవు దాటించే పడవ) మీద సఖినేటిపల్లి దాటి వెళ్లి, చెరువు నీళ్లు లీటరు సీసాలో పట్టుకొచ్చా. ఉప్పు 14 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకి 14, ఉందని చెప్పారు. సముద్రం 35 వరకూ ఉంటుంది, కాబట్టి ఇది అందులో సగం కూడా కాదు.

అరచెయ్యి ఆ నీళ్లలో ముంచి మూత మీద ఒక్కసారి రాశా. చెయ్యి తీసేశాక కూడా మూడు అంకెలూ 60లోనే కూర్చున్నాయి. పాట మారింది, ఆగింది, మారింది, వాల్యూమ్ దిగింది. ఘోస్ట్ టచ్ అంటాం మేం కొట్లో. ఫోనుకి వస్తే కస్టమర్ని కూర్చోబెట్టి ఎస్టిమేట్ రాస్తాం. ఇక్కడ ఎవరికి రాయను?

కారణం తెలిసిందే. డైఎలెక్ట్రిక్ కాన్‌స్టెంట్ అని ఒక అంకె ఉంది, అది ఎంత పెరిగితే కెపాసిటెన్స్ అంత పెరుగుతుంది. డైఎలెక్ట్రిక్ కాన్‌స్టెంట్ గాలికి 1 అయితే, ప్లాస్టిక్‌కి మూడు చిల్లర, నీటికి 80 దగ్గర. దానికి తోడు ఇది ఉప్పునీరు, కరెంటుని మోస్తుంది. మూత మీద పలచని తడిపొర మూడు టేపుల మీదుగా సాగితే, లోపలున్న చిప్పుకి అవి మూడూ ఒకటే పెద్ద వేలు కింద ఉన్నట్టే. ఈ చిప్పు తమ్ముళ్లు ఎస్2, ఎస్3ల్లో నీటిచుక్కల్ని కనిపెట్టడానికి చుట్టూ షీల్డు పెట్టే ఏర్పాటుంది. అది తెప్పిద్దామా అని రాత్రి పదకొండింటిదాకా ఆలోచించా.

అప్పుడు షట్టరు దించి, లైట్లు ఆర్పి, పెట్టె నేలమీద పెట్టి, పొడి చేత్తోనే పాట ఆపడానికి చూశా. మావయ్య పాకలో రాత్రి ఎలా ఉంటుందో అలాగ. పాట ఆపే మధ్య గడి ఎక్కడుందో తెలియదు. మూత అంతా నున్నగా ఉంది. తడుముతుంటే ముందు పక్క గడి తగిలింది, పాట మారిపోయింది. ఇంకొంచెం జరిపితే వాల్యూమ్. చెయ్యి ఇంకా వెతుకుతూనే ఉంది, పెట్టె మాత్రం నొక్కేశాననుకుంటోంది. షీల్డు పెట్టి నీళ్ల గోల తీర్చినా, ఇది తీరదు. మీట ఉంటే దాని మీద వేలు ఆనించి, తడిమి, ఇదే అని తేల్చుకుని అప్పుడు నొక్కుతాం. టచ్‌లో ఆ మధ్య అంకం లేదు. చీకట్లో చెరువు గట్టు మీద పాట ఆపాల్సినవాడికి కావలసింది ఆ మధ్య అంకమే.

రాగి టేపు పీకేశా.

జూలై 27

పని జరగలేదు. మూడు కాంబోలు, ఒక మదర్‌బోర్డు, పెళ్లివారి వీడియో పెన్‌డ్రైవు.

సాయంత్రం డ్రాయరు సర్దుతుంటే పాత ఐపాడ్ తగిలింది. దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన బ్యాటరీ మార్చమని ఇచ్చి మళ్లీ రాలేదు. మా వైపు కొట్లలో ఇలాంటివి ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి. ఛార్జింగ్ పెడితే వెలిగింది. తడి వేలితో చక్రం మీద గీస్తే జాబితా పిచ్చెక్కినట్టు పైకీ కిందకీ పరిగెత్తింది, కానీ అదే చక్రం అంచు నొక్కితే మాత్రం "టిక్" మని పాట ఆగింది.

దీని వంశవృక్షం తమాషాగా ఉంటుంది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌కి చక్రం నిజంగానే గుండ్రంగా తిరిగేది. 2002లో తిరగడం మానేసి, వేలు రాస్తే చాలనే చక్రం పెట్టారు. 2003లో ఇంకో అడుగు వేసి, నాలుగు బటన్లు కూడా తెర కింద వరసగా టచ్‌వే పెట్టారు. ఏడాది తిరక్కుండా 2004లో ఐపాడ్ మినీకి ఆ నాలుగు బటన్లనీ చక్రం కిందకి నెట్టి, నొక్కితే లోపలికి దిగి టిక్కుమనేలా చేశారు. పెద్ద ఐపాడ్‌కీ అదే వచ్చింది. గీయడానికి టచ్, తేల్చడానికి మీట. 2009లో ఐపాడ్ షఫుల్ ఒంటి మీద పాట మార్చే బటన్లు తీసేసి ఇయర్‌ఫోను తీగకి ఎక్కించారు. మరుసటి ఏడు మళ్లీ ఒంటి మీదకే తెచ్చారు. ఆపిల్ అంత పెద్ద కంపెనీయే రెండుసార్లు వెనక్కి నడిచిందంటే, నేనో వారం రాగి టేపు అంటించి పీకడం పెద్ద తప్పు కాదులే అనిపించింది.

అలాగని టచ్ చక్రాన్ని తీసిపారెయ్యను. వెయ్యి పాటల జాబితాలో కిందకి పోవాలంటే దాన్ని మించింది లేదు. కానీ మావయ్యకి ఉన్నవి నాలుగు ఫోల్డర్లు.

ఆగస్టు 3

మావయ్య కొట్టుకి వచ్చాడు. ఆయనతోనే కూర్చుని మీటలు తేల్చాం.

మొదట నొక్కితే దిగి ఉండిపోయే బటన్ చూపించా. మళ్లీ నొక్కితే పైకి లేస్తుంది. పాత క్యాసెట్ టూ-ఇన్-వన్‌లో ప్లే మీట దిగి ఉంటే పాడుతున్నట్టు కదా, చూడక్కర్లేదు, తడిమితే చాలు. అదే ఉద్దేశం. మావయ్య రెండుమూడు సార్లు నొక్కి పెదవి విరిచాడు.

"కంగారులో రెండుసార్లు కొడితే?"

రెండుసార్లు కొడితే ఆగి, మళ్లీ మొదలవుతుంది! టూ-ఇన్-వన్‌లో ఆపడానికి వేరే మీట ఉండేది, అది ఎన్నిసార్లు కొట్టినా ఆపడమే. ఆ సంగతి మరిచిపోయా. ఆ బటన్ పక్కన పెట్టి, జనరేటరు ప్యానెళ్లకి వాడే లోహపు కాడ ఉన్న టాగిల్ స్విచ్ తీశా. ఒకవైపు తోస్తే పాట, రెండోవైపు తోస్తే మౌనం. ఎన్నిసార్లు తోసినా అంతే.

ఇప్పుడు ఏ వైపు ఏది? కిందకి కొట్టడం సులువు కాబట్టి కిందకి అంటే ఆగాలని నా వాదం. "ఇంట్లో స్విచ్ కిందకేస్తేనే కదరా లైటు వెలిగేది, చెయ్యి దానికి అలవాటు పడిపోయింది" అని మావయ్య. ఇద్దరం టీ తాగాం. చివరికి ఆయనే అన్నాడు: "పైకీ వద్దు, కిందకీ వద్దు. అడ్డంగా పెట్టు. చెరువు వైపు తోస్తే ఆగాలి. ఏదన్నా తేడా వస్తే నేను పరిగెత్తేది అటే."

ఇలాంటి మాట నాకు ఎన్ని డేటాషీట్లు చదివితే వస్తుంది?

వాల్యూమ్‌కి నేను రోటరీ ఎన్‌కోడర్ అనుకున్నా. ఒక చుట్టుకి ఇరవై టిక్కులు, చేతికి హాయిగా ఉంటుంది. కానీ అది ఎంతకీ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఇప్పుడెంత మీద ఉందో వేలికి తెలియదు. దాని బదులు పాత రేడియోకి ఉండే మామూలు 10 కిలోఓముల వాల్యూమ్ కంట్రోలే పెట్టేశా. ఎడమ కొసకి తిప్పితే ఏమీ వినపడదు, కుడి కొసకి తిప్పితే పూర్తిగా. పాట లేనప్పుడు కూడా ఎంతలో ఉందో చెయ్యి చెబుతుంది.

మూడోది ఒకే ఒక్క నొక్కుడు బటన్: నొక్కితే తర్వాతి పాట, సెకను పట్టుకుంటే తర్వాతి ఫోల్డరు.

ఆగస్టు 17

ప్రోగ్రామ్ సంగతులు. ఎవరికైనా పనికొస్తాయని కొంచెం వివరంగా.

డీఎఫ్‌ప్లేయర్‌కి వాల్యూమ్ 0 నుంచి 30. వాల్యూమ్ కంట్రోల్ నుంచి వచ్చే అంకె 0 నుంచి 4095. 31 భాగాలు చేస్తే భాగానికి 132. కానీ ఈఎస్‌పీ32 కొలత నిలకడగా ఉండదు, రెండు మెట్ల మధ్య ఆగితే 17, 18, 17, 18 అని ఊగుతుంది, ఊగినప్పుడల్లా ప్లేయరుకి కమాండు వెళుతుంది, స్పీకరులో చిటపట. పాత అంకెకీ కొత్త అంకెకీ తేడా 80 దాటితేనే పట్టించుకోమన్నా, సద్దుమణిగింది. సీరియల్ తీగలో ప్లేయరు ఆర్‌ఎక్స్ పిన్నుకి ముందు 1 కిలోఓము రెసిస్టర్ తప్పనిసరి. లేకపోతే వెనకాల ఎవరో తాటాకు నలిపినట్టు చప్పుడు.

బటన్‌కి డీబౌన్స్ 30 మిల్లీసెకన్లు. లోపలి రేకు తగిలేటప్పుడు ఒక్కసారి తగిలి ఊరుకోదు, కొద్ది మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. అది లెక్కలోకి తీసుకోకపోతే ఒక్క నొక్కుకి మూడు పాటలు దాటేస్తుంది. ఈ ఒక్క విషయంలో మీటే తక్కువ తిన్నది. టచ్‌కి ఈ బాధ లేదు.

బ్యాటరీ నుంచి బోర్డుకి నేరుగా ఇస్తే, దాని మీదున్న రెగ్యులేటరే ఒక వోల్టు దాకా మింగేసి బోర్డు మాటిమాటికీ రీస్టార్టయ్యింది. మధ్యలో 5 వోల్టుల బూస్టు ముక్క పెట్టా.

అసలు చిక్కు హరికథ దగ్గర వచ్చింది. ఫోల్డర్లు నాలుగు: ఘంటసాల, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడి పద్యాలు, హరికథలు, భక్తి పాటలు. హరికథ ఒక్కోటి గంట పైన. స్విచ్ తోస్తే పాజ్, మళ్లీ తోస్తే అక్కడినుంచే. అంతవరకూ సరే. కానీ ఛార్జింగ్ అయిపోతే ప్లేయరుకి ఏ పాటలో ఎక్కడ ఉన్నామో గుర్తుండదు. ఏ ఫైలో నేను బోర్డు ఫ్లాష్ మెమరీలో రాసి పెట్టుకోగలను, ఏ నిమిషమో దానికి చెప్పలేను. అంచేత హరికథలన్నీ కంప్యూటర్లో అయిదేసి నిమిషాల ముక్కలు చేసి, 002, 003 అని అంకెలు వేసి ఎక్కించా. కరెంటు పోయినా అయిదు నిమిషాలు మించి వెనక్కి పోడు. దాసుగారు మధ్యలో పిట్టకథ ఎత్తుకున్నచోట ముక్క తెగింది, ఏంచేస్తాం.

ప్రతి ఫోల్డర్లో 001 మా అమ్మాయి గొంతు. "పద్యాలు, తాతయ్యా" అని. తెర లేని లోటు దాంతో తీరింది.

ఆగస్టు 24

పెట్టె ఇచ్చేసి వచ్చా. టాగిల్ కాడకి రబ్బరు టోపీ, నొక్కుడు బటన్ మీద పాత టీవీ రిమోట్ రబ్బరు ముక్క, స్పీకరు ముందు పలచని పాలిథిన్. పాకలో గూట్లో చెరువుకి అడ్డంగా పెట్టాం.

సెప్టెంబరు 14

మావయ్య ఫోన్: "నొక్కకుండానే పాట మారిపోతందిరా."

నమ్మలేదు. మీట కదా, దానికి ఘోస్ట్ టచ్ ఏమిటి? వెళ్లి మూత విప్పా. నొక్కుడు బటన్ కాళ్ల మధ్య పచ్చగా చిలుం. మూడు వారాల్లో! రిమోట్ రబ్బరు అంచు నేను అంటించినచోట ఒక మూల లేచింది, మంచు, ఉప్పుగాలి అక్కడినుంచే దిగాయి. మల్టీమీటరు పెడితే, నొక్కకుండానే రెండు కాళ్ల మధ్య 12 కిలోఓములు.

చిప్పు లోపలి పుల్‌అప్ (నొక్కనప్పుడు పిన్నుని 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) సుమారు 45 కిలోఓములు. 3.3 వోల్టుల్ని 45కీ 12కీ పంచితే పిన్ను దగ్గర మిగిలేది 0.7 వోల్టు. చిప్పుకి అది నొక్కినట్టే లెక్క. ఉప్పుతడి ఉన్నచోట నిరంతరం కరెంటు పారుతుంటే రాగి ఇంకా త్వరగా తినేస్తుంది కూడా. జూలైలో టచ్‌ని తిట్టిన తిట్లన్నీ నాకే తిరిగొచ్చాయి.

మరమ్మతు: ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి, బటన్ మార్చి, బయట 2.2 కిలోఓముల పుల్‌అప్ వేశా. ఇప్పుడు అదే 12 కిలోఓముల లీకేజి వచ్చినా పిన్ను దగ్గర 2.8 వోల్టులు ఉంటాయి, నొక్కినట్టు లెక్కపడదు. టంకం పెట్టినచోటల్లా మా ఆవిడ నెయిల్ పాలిష్ రెండు పూతలు. గులాబీ రంగు. సిలికా జెల్ పొట్లం రెండు. మూత చుట్టూ, స్పీకరు చుట్టూ, పై అంచున సిలికాన్.

సెప్టెంబరు 28

నొక్కుడు బటన్‌కి బెజ్జమే లేకుండా చేద్దామని రీడ్ స్విచ్ పట్టుకున్నా. తలుపు అలారాలకి వాడేది: సన్నటి గాజు గొట్టం, లోపల రెండు రేకులు, అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి. రేకులు గాజులో సీలయ్యి ఉన్నాయి కాబట్టి వాటికి చిలుం పట్టదు. ముందు అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సార్ అనుకున్నా గానీ నా దగ్గరున్న ఏ3144కి కనీసం 4.5 వోల్టులు కావాలి, పైగా అది ఎప్పుడూ కరెంటు తాగుతూనే ఉంటుంది. రీడ్‌కి ఏమీ అక్కర్లేదు.

డబ్బా బయట స్ప్రింగు మీద చిన్న అయస్కాంతం, లోపల గాజు గొట్టం, మధ్యలో చెక్కుచెదరని ప్లాస్టిక్. చేతికి మీట, డబ్బాకి టచ్. మొదటి గొట్టం కాళ్లు వంచబోయి పగలగొట్టా. గాజు దగ్గర పటకారుతో పట్టుకుని అవతల వంచాలి, తెలిసీ చేశా. రెండోది బాగానే ఉంది, కానీ స్ప్రింగు ఇంకా మెత్తగా ఉంది, పెట్టె కుదిపితే పాట మారుతోంది. బాల్ పెన్ను స్ప్రింగు తీసి లైటరు స్ప్రింగు వేసి చూడాలి.

అక్టోబరు 5

పట్టుబడికి ఇంకా వారం ఉంది. కొత్త మీట బిగిద్దామని వెళ్లా.

మొన్న రాత్రి రెండింటికి హరికథ మధ్యలో మోత తగ్గినట్టనిపించి చెరువు వైపు తోసేశాడట. రెండో చెరువులో ఏరియేటరు బెల్టు తెగింది. వెళ్లి చూసుకుని వచ్చి, కాడ ఇటు తోస్తే దాసుగారు ఆపిన మాట దగ్గరే అందుకున్నారని నవ్వుతూ చెప్పాడు.

పెట్టె గూట్లో లేదు. రాటకి వేలాడుతోంది. గూట్లో ఉంటే చప్పుడు సరిగా రావట్లేదని, వేలాడదీసుకోడానికి నేను తాడు బెజ్జం పెట్టలేదని, మావయ్య మేకు ఎర్రగా కాల్చి తనే పెట్టుకున్నాడు. సరిగ్గా పై అంచున, నేను సిలికాన్ పూసినచోట.